నయమైనా చెరగని గీత

ఈ జబ్బులకి 'సుఖవ్యాధులు' అని పేరు పెట్టినవాళ్లు ఆడవాళ్లని అడిగి పెట్టి ఉండరు. సిఫిలిస్‌ని మన పల్లెల్లో సవాయి అన్నారు. ఫిరంగి రోగం అని పరదేశీయుల నెత్తిన వేశారు. ఇంగ్లీషు ప్రభుత్వమైతే 1868లో చట్టమే చేసి, సైనికుల ఆరోగ్యం కోసం వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలకు బలవంతపు పరీక్షలు చేయించింది. 1888లో ఆ చట్టం పోయింది. రక్తపరీక్షని ఆడదాని నడతకి సాక్ష్యంగా చూసే అలవాటు మాత్రం పోలేదు.

వనపర్తి దగ్గరి ఊరినుంచి పూణేకి వలసపోయి వచ్చిన ఒకమ్మాయి కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నేను డాక్టర్ని కాను, చదువుకున్న అక్కని, అంతే. మొదటి కాన్పుకి ముందు అక్కడే సిఫిలిస్ బయటపడితే వారానికొకటి చొప్పున మూడు పెన్సిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండోసారి గర్భంతో ఇక్కడ ఒక ఆసుపత్రికి వెళితే కార్డు మీద మళ్లీ గీత పడింది. "మళ్లీ తెచ్చుకున్నవా?" అని అత్తగారి ముందే అడిగారట. "అక్కా, సూదులు ఏయించుకున్న గదా, ఇంకా ఎందుకు పోలే?" అంది.

పోదు. ఆ కార్డు, టీపీహెచ్‌ఏ లాంటి పరీక్షలు అడిగేది ఒక్కటే: ఈ ఒంటికి ఆ క్రిమి ఎప్పుడైనా తగిలిందా అని. నయమైన తర్వాత కూడా చాలామందిలో అది జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. మందు పనిచేసిందో లేదో చెప్పేది వీడీఆర్‌ఎల్, ఆర్‌పీఆర్ పరీక్షల్లో వచ్చే అంకె. 1:32 ఉన్నది నెలలు గడిచి 1:8కి దిగితే, అంటే నాలుగు రెట్లు తగ్గితే, మందు పనిచేసినట్టు. 1:16 దగ్గర ఆగితే అది లెక్కలోకి రాదు, పరీక్షలో ఆమాత్రం తేడా మామూలే. కొందరిలో 1:2 దగ్గరే ఏళ్లతరబడి నిలిచిపోతుంది. నాలుగు రెట్లు పెరిగితే మాత్రం జబ్బు మళ్లీ సోకిందేమో, మందు పనిచేయలేదేమో చూడాలి. పోల్చేటప్పుడు రెండుసార్లూ ఒకే రకం పరీక్ష, వీలైతే ఒకే ల్యాబ్ ఉండాలి.

అంటే పాత అంకె చేతిలో లేకుండా కొత్తది సగమే చెబుతుంది. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలొచ్చాయి, సంతోషమే. కానీ గుంపు మేస్త్రీ వెంట ఊళ్లు మారే పాలమూరు లేబర్‌కి కాగితాలు గుడిసెలతోపాటే వెనకబడిపోతాయి. పాత చికిత్సకి రుజువు లేకపోతే గర్భిణికి మళ్లీ ఇంజెక్షన్లు ఇవ్వడమే బిడ్డకి క్షేమం. నేను దానికి అడ్డు చెప్పను. జాగ్రత్త కోసం వేసే సూది శిక్షలా ఎందుకు ఉండాలన్నదే నా ప్రశ్న.

ఇంకో చిక్కు ఉంది. ఈ సంగతి ఎవరికి చెప్పాలో తేల్చుకునే హక్కు ఆమెదేనా? అత్తగారికి తెలియాల్సిన పనే లేదు. భర్త సంగతి వేరు. అతనికి చికిత్స జరగకపోతే అంకె మళ్లీ పెరగొచ్చు, కడుపులో బిడ్డకీ ముప్పే. అక్కడ ఆమె రహస్యం ఆమె ఒక్కదానిదీ కాదు, చెబితే పడే దెబ్బలు మాత్రం ఆమె ఒక్కదానివే. ఆ మాట డాక్టరే అతన్ని కూర్చోబెట్టి చెప్పాలని నేననుకుంటాను. ఆ భారం భార్య నోటిమీద పెట్టకూడదు. గర్భం రాదు గనక మగవాడి రక్తం ఎవరికీ దొరకదు, మొదట దొరికిన మనిషే దోషి అవుతుంది.

పూణే కాగితం ఫొటో తోటి కూలీ ఫోన్లో దొరికింది. అప్పుడు 1:32. ఇక్కడ తీసిన రక్తంలో 1:2. రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఇచ్చాను, మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఆయన ఇంకా పరీక్షకి వెళ్లలేదు.