సాక్షిని శిక్షించవచ్చునా?

అత్తమీద కోపం దుత్తమీద చూపడం మనవాళ్ళకు కొత్త కాదు. దుత్త పగిలితే పోయేది పాలో పెరుగో. కానీ చెడు కబురు తెచ్చినవాణ్ణే దోషిగా ఎంచి దండించడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఏమంటే, ఆ తర్వాత కబురు చెప్పేవాడూ ఉండడు, వచ్చిన కీడూ తొలగదు. ఈ పాత నీతి ఇవాళ కార్లు బాగుచేసే షెడ్లలో రోజూ పరీక్షకు వస్తున్నది.

ఒకప్పుడు కారు ఇంజనుకు నోరు లేదు. కార్బురేటరు కాలంలో మెకానిక్కు చెవితో విని, పొగ రంగు చూసి, ప్లగ్గు విప్పి దాని మీది మసి చూసి రోగం పసిగట్టేవాడు. ఢిల్లీ ప్రాంతంలో అమ్మే కొత్త కార్లు యూరో ప్రమాణాలు పాటించాలని 1999లో సుప్రీంకోర్టు ఆదేశించాక, మన దేశంలో కార్బురేటరు వెనుకబడి, కంప్యూటరు లెక్కకట్టి పెట్రోలు చిమ్మించే పద్ధతి వేగంగా వచ్చింది. తన లోపాన్ని తానే కనిపెట్టి చెప్పుకునే ఏర్పాటు అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజి 4 కార్లకు 2010లో దాని మొదటి దశ, 2013లో రెండవ దశ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజి 6 బండ్లే అమ్ముతున్నారు. అంటే ఇంజనుకు నోరు వచ్చింది. స్టీరింగు కింద ఉన్న పదహారు పిన్నుల సాకెట్టుకు స్కానరు తగిలిస్తే, తనకేమైందో అంకెల్లో చెబుతుంది.

నోరు వచ్చింది సరే, చెప్పిన మాటను ఎలా అర్థం చేసుకోవాలి? ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

కృష్ణగిరి నుంచి కారిమంగలం, ధర్మపురి మీదుగా సేలం వెళ్ళే రహదారి సీమలో, పెరియంపట్టిలో ఒక బాడుగ కారు ఉందనుకుందాం. ఇంటిల్లిపాదీ దాని మీదే బతకాలి, నెలనెలా కంతు కట్టాలి. మంచి ఎండాకాలం. కారు పొద్దున స్టార్టు కానని మొరాయిస్తున్నది. పెట్రోలు ఎక్కువ తాగుతున్నది. ఫ్యాను ఆగకుండా తిరుగుతున్నది. డ్రైవరు కళ్ళముందు ఇంజను గుర్తున్న పసుపుపచ్చ దీపం వెలిగింది. షెడ్డులో స్కానరు పెడితే పి 0118 అనే కోడు వచ్చింది. ఇంజను నీళ్ళ వేడిమి కొలిచే సెన్సరు సర్క్యూట్లో వోల్టేజి ఎక్కువగా ఉందని దాని భావం.

“అన్నా, సెన్సరు పోయింది. కొత్తది వేస్తే సరి” అంటాడు మెకానిక్కు. వేశాడు. కోడు చెరిపాడు. దీపం ఆరింది. రెండు రోజులకు మళ్ళీ వెలిగింది. “అయితే ఈసీఎమ్మే పోయినట్టుందన్నా” అంటాడు. ఈసీఎం అంటే ఇంజనును నడిపే కంప్యూటరు. దాని ఖరీదు ముందు సెన్సరు ఖరీదు ఏమూలకూ రాదు. చివరికి తేలిందేమంటే, ఒక ఎలుక వైరును కొరికింది. తెగీ తెగని ఆ వైరు కారు నిలిచి ఉన్నప్పుడు అతుక్కుంటున్నది, గతుకుల్లో విడిపోతున్నది.

ఇందులో కంప్యూటరు అబద్ధం చెప్పిందా? లేదు. అది తన వైపు నుంచి అయిదు వోల్టుల కరెంటు పంపి, సెన్సరులో ఎంత దిగిందో చూస్తుంది. ఇంజను వేడెక్కే కొద్దీ సెన్సరు అడ్డుకునే శక్తి తగ్గుతుంది, వోల్టేజీ తగ్గుతుంది. వైరు తెగితే వోల్టేజి దిగే దారే లేదు. అయిదూ అయిదుగానే నిలుస్తుంది. దాన్ని కంప్యూటరు విపరీతమైన చలిగా లెక్కిస్తుంది. ధర్మపురి ఎండలో నిలబడి, ఇంజను సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉందని స్కానరులో చూపిస్తుంది. కోడులో ‘సెన్సరు చెడింది’ అని ఎక్కడా లేదు. ‘సర్క్యూట్’ అని ఉంది. సర్క్యూట్ అంటే సెన్సరు, వైర్లు, కప్లరు, ఎర్తు, కంప్యూటరు అన్నీ కలిసిన దారి. సాక్షి ‘ఈ వీధిలో దొంగతనం జరిగింది’ అన్నాడు. మనం ఆ వీధి మొదటి ఇంటివాణ్ణి పట్టుకుపోయాం.

మన తార్కికులకు ఈ చిక్కు కొత్త కాదు. తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహం రాశాడు. కొండ మీద పొగ చూసి నిప్పుందని ఊహించవచ్చు, నిప్పుంది కాబట్టి పొగ ఉండి తీరాలని మాత్రం అనరాదని ఆ శాస్త్రం నేర్పుతుంది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా కలవాలి. మన విషయానికి అన్వయిస్తే, సెన్సరు చెడితే దీపం వెలుగుతుంది, నిజమే. దీపం వెలిగింది కాబట్టి సెన్సరు చెడిందనడం తర్కం తిరగబడడమే. నాలుగు ప్రమాణాల్లో శబ్దం, అంటే నమ్మదగినవాడి మాట, ఒకటి. కంప్యూటరు మాట అలాంటిదే. అయితే ఆ మాటను ప్రత్యక్షంతో సరిచూడడానికి అవకాశం ఉన్నప్పుడు సరిచూడకపోవడం బద్ధకమే గాని విశ్వాసం కాదు.

సరిచూడడం అంత కష్టమా? ఇలాంటి రెండు వైర్ల సెన్సరైతే కప్లరు ఊడదీసి, ఆ రెండు వైర్లను చిన్న తీగముక్కతో కలిపితే చాలు. స్కానరులో మైనస్ 40 ఉన్న అంకె ఒక్కసారిగా పై కొసకు ఎగిరితే వైర్లూ కంప్యూటరూ బాగున్నాయి, దోషం సెన్సరుది. కదలకపోతే దోషం వైర్లలోనో కంప్యూటరులోనో ఉంది, మీటరుతో వెతకాలి. వదులు వైరైతే పరీక్ష చేస్తూ దాన్ని చేత్తో కదిపి చూడాలి. ఇంతకూ పట్టేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలు వెచ్చించకుండా సామాను మార్చడం వల్ల బీదవాడి కంతు డబ్బు పోతుంది.

ఇక్కడ మెకానిక్కును ఒక్కణ్ణే నిలబెట్టి తిట్టడం న్యాయం కాదు. మనం అతనికి దేనికి డబ్బిస్తున్నాం? కొత్త సామాను చేతిలో పెడితే మారుమాట లేకుండా ఇస్తాం. గంటసేపు బోర్లా పడుకొని వైరు వెదికి, తెగినచోట అతికి, టేపు చుట్టి, ‘కూలి ఇంత’ అంటే, ‘ఏం సామాను వేశావప్పా? చూసినందుకే ఇంతా?’ అని అడుగుతాం. డాక్టరు నాడి చూసినందుకు ఫీజు ఇచ్చే మనం, ఇంజను నాడి చూసినవాడికి ఇవ్వం. ఆలోచనకు కూలి లేనిచోట ఆలోచించేవాడు పస్తుంటాడు, సామాను అమ్మేవాడు నిలుస్తాడు. కాబట్టి అనవసరంగా మారిన ప్రతి సెన్సరులోనూ మన పిసినారితనానికి కొంత వాటా ఉంది.

సామాను మార్చి చూడడమే తప్పని నేననడం లేదు. మంచిదని తెలిసిన సెన్సరును మరో బండి నుంచి తెచ్చి, పెట్టి చూసి, గుణం లేకపోతే తీసేయడం కూడా ఒక పరీక్షే. తప్పెక్కడంటే, పరీక్షను చికిత్స అని చెప్పి దాని ఖర్చు రోగి నెత్తిన వేయడంలో. ‘నాకింకా తెలియలేదన్నా, చూడాలి’ అనే మెకానిక్కు మనకు చేతకానివాడుగా కనబడతాడు. నిజానికి ఆ మాట అనగలిగినవాడినే నమ్మవచ్చు.

కంపెనీల బాధ్యత ఇంకా పెద్దది. విడిభాగాలూ, స్కానర్లూ, మరమ్మతు వివరాలూ బయటి షెడ్లకు అందకుండా తమ గుప్పిట పెట్టుకున్నాయని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. దాని మీద అప్పీళ్ళు నడిచాయి. కానీ కమిషన్ చూపిన సంగతి గమనించదగ్గది. వైరింగు బొమ్మ చేతిలో లేనివాడు ఏ రంగు వైరు ఎక్కడికి పోతుందో ఊహించాల్సిందే. ఊహ తప్పితే నష్టపోయేది బండివాడు. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల శాఖ 2022లో ‘మరమ్మతు హక్కు’ పేరిట వెబ్‌సైటు తెరిచి, అందులో మోటారు వాహనాలనూ చేర్చింది. దారి తెరుచుకోవడం మంచిదే, నడవాల్సింది ఇంకా ఉంది.

కంప్యూటరు సాక్షి మాత్రమే అని గుర్తుంచుకోవడానికి ఇంకొక కారణం ఉంది. నమ్మదగినవాడంటే ఉన్నది తెలిసి, ఉన్నట్టు చెప్పేవాడు. కంప్యూటరుకు వైరు తెచ్చినంత మేరే తెలుస్తుంది, మనిషి రాసినంత మేరే చెబుతుంది. వోక్స్‌వాగన్ డీజిల్ కార్లలోని ప్రోగ్రాము, పొగ పరీక్ష జరుగుతున్నదని గుర్తుపట్టి అప్పుడు మాత్రమే బుద్ధిగా నడిచేదని 2015 సెప్టెంబరులో బయటపడింది. ప్రపంచమంతటా అలాంటివి కోటీ పది లక్షల కార్లు. అక్కడ కూటసాక్ష్యం యంత్రానిది కాదు, యంత్రానికి నేర్పిన మనుషులది. మన ఊరి షెడ్డులోనూ దానికి చిన్న తమ్ముడున్నాడు. రోగం కుదర్చకుండా కోడు మాత్రం చెరిపి బండి అమ్మేవాడు. కోడుతోపాటు, లోపం పుట్టిన క్షణాన ఇంజను వేగమెంత, వేడిమెంత అని కంప్యూటరు దాచిన వివరమూ చెరిగిపోతుంది. కొన్నవాడు తోప్పూరు కనుమ దిగేటప్పుడు ఆ సాక్షి నోరు మూసి ఉంటుంది.

మనలాంటి ఊళ్ళలో ఇంకో ముడి ఉంది. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, స్కానరులో ఇంగ్లీషు. ‘సిస్టమ్ టూ లీన్’ అని వస్తే, కుర్రవాడు దాన్ని ఒక మంత్రంలా చదివి ఆక్సిజన్ సెన్సరు మార్చేస్తాడు. ‘పెట్రోలు చాలడం లేదు, లేదా గాలి ఎక్కువ పోతున్నది’ అని తన మాటలో చెప్పుకుంటే, గొట్టం చిట్లిందా, పంపు నీరసించిందా, ఫిల్టరు మూసుకుపోయిందా అన్న ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. తెలుగులో చెప్పుకున్నా తమిళంలో చెప్పుకున్నా ఒకటే. తన భాషలోకి దిగనంతవరకూ అది కోడే, అర్థం కాదు. బండివాడికీ అదే హక్కు. అతని డబ్బు ఎందుకు ఖర్చవుతున్నదో అతనికి తెలిసే మాటలో చెప్పాలి.

కాబట్టి ఇకమీద దీపం వెలిగినప్పుడు మనం చేయదగినవి మూడున్నాయి. ‘ఏం పోయింది?’ అని కాక ‘అది పోయిందని ఎలా తెలిసిందప్పా?’ అని అడగడం. మార్చిన పాత సామానును చూపించమనడం. మూడవదే కష్టం. ఏ సామానూ వేయకుండా, తెగిన వైరును వెదికి అతికినవాడికి, కొత్త సామాను వేసినవాడికి ఇచ్చినంత సంతోషంగా కూలి ఇవ్వడం. మొదటి రెండూ అతని నిజాయితీకి పరీక్ష. మూడవది మనకు.