ముందు అన్నం, తర్వాతే ప్రశ్న

పఠనం: 1 రాజులు 19:3–14

హైదరాబాద్ పాతబస్తీలో గౌలిపుర, శాలిబండ గల్లీల్లో చాలా ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. రెండు గదుల పోర్షన్‌లో అమ్మానాన్నలు రాత్రిపూట అప్పు గురించి గొడవపడితే, చాప మీద లెక్కల పుస్తకం ముందేసుకున్న టెన్త్ పిల్లాడి చెవిన ప్రతి మాటా పడుతుంది. ఎంతసేపైనా అదే పేజీ. తెల్లారి కడుపునొప్పి, బడికి పోనంటాడు. "అన్నీ వేషాలే" అంటాడు నాన్న. బడికి పోతే హోంవర్క్ చేయలేదని నిలబెడతారు. ఇంట్లో గొడవ బడికి తెలియదు, బడిలో అవమానం ఇంటికి తెలియదు. రెండూ మోసేది వాడొక్కడే.

ఏలీయా అంతటి ప్రవక్త కూడా యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి పారిపోయాడు. అరణ్యంలో బదరీచెట్టు కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత చేత తట్టి లేపించి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ తినిపించాడు. ఇక్కడెందుకున్నావన్న ప్రశ్న హోరేబు కొండ చేరాక గానీ రాలేదు. అప్పుడు కూడా ఏలీయా చెప్పిందే చెప్తే రెండుసార్లూ విన్నాడు.

మనమో, పిల్లలు గడప దాటి లోపలికి రాకముందే మార్కులెన్నని అడుగుతాం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైనవాళ్ల పేపర్లు ప్రభుత్వం ఉచితంగా మళ్లీ పరిశీలన చేయించింది. పోయిన పిల్లలు మాత్రం రాలేదు.

ఈ రోజు బడి నుంచి రాగానే "తిన్నవా బిడ్డా?" అన్న మాటే ముందు రానిద్దాం. రాత్రి గొడవ వాళ్లు విన్నారని ఒప్పుకుని, "ఇందులో నీ తప్పేం లేదు" అని చెబుదాం. తిండి, నిద్ర మానేసినా, చావు మాట ఎత్తినా తేలిగ్గా తీసుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కూడా ఉంది. డాక్టర్ దగ్గరికి వెళ్లడం విశ్వాసలోపం కాదు. ఏలీయాకు రొట్టె పెట్టిన దూతను పంపింది కూడా దేవుడే కదా!

ప్రార్థన: ప్రభువా, మా నోటి తొందర తగ్గించు. పిల్లలు చెప్పిందే చెప్పినా వినే ఓపికనివ్వు. మా కోపతాపాలు వాళ్ల మీద పడకుండా మమ్మల్ని కాచుకో. ఆమేన్.