నోటి మాటకు నడత తోడు

 

మీ ఇంట్లో ఐదారేళ్ల పిల్లాడు ఉన్నాడనుకోండి. వాడికి మాటంటే జరిగి తీరేదే. "అమ్మతోడు" అంటే నిజంగానే భయపడతాడు. "తథాస్తు దేవతలుంటారు, అలా అనకు" అంటే నోరు మూసుకుంటాడు. మీ పక్కన కూర్చుని త్రిసరణం చెప్తే, ఆ మాటే తనను కాపాడుతుందనుకుంటాడు. చిన్నతనంలో అది సహజం.

ఆ నమ్మకం ఎక్కడ విరుగుతుంది? వారం కిస్తీ వసూలుకు మనిషి గుమ్మంలోకి వస్తాడు. "నాన్న ఇంట్లో లేడని చెప్పిరా" అని మనమే పిల్లాణ్ణి పంపిస్తాం. పొద్దున నాలుగో శీలం పలికించిన నోరే సాయంత్రం అబద్ధం పలికించింది. పదహారేళ్లకు వాడు వందన దగ్గర కూర్చోడు. "ఊరికే అనడానికా?" అంటాడు. పిల్లాడు చెడిపోయాడని మనం బాధపడతాం. వాడు చెడిపోలేదు, మనల్ని చూసి లెక్క కట్టుకున్నాడు.

రాహులుడికి ఏడేళ్లప్పుడు తథాగతుడు మొదట బోధించింది ఈ సంగతే అని అట్ఠకథ చెప్తుంది. పాత్రలో అడుగున మిగిలిన కాసిని నీళ్లు చూపించాడు. తెలిసి అబద్ధమాడేవాడి శ్రమణత్వం అంతే అన్నాడు. ఆ నీళ్లు పారబోసి, పాత్ర బోర్లించి చూపించాడు. ఆ తర్వాత, అద్దంలో మొహం చూసుకున్నట్టు ప్రతి పనినీ, ప్రతి మాటనూ ముందూ, మధ్యలో, తర్వాతా చూసుకోమన్నాడు. రాహులుడికి పద్దెనిమిదేళ్లు వచ్చాక శ్వాస మీద ధ్యానం నేర్పాడు. అంటే వయసుతోపాటు బోధ లోతయింది, కానీ పునాది మాత్రం నిజమే. అశోకుడు కూడా భాబ్రూ శాసనంలో భిక్షువులు, ఉపాసకులు తరచూ వినాలని చెప్పిన బోధల్లో ఇదొకటి.

పెద్దయ్యాక ఇంకో ప్రమాదం ఉంది. ఒంట్లో బాగోకపోతే మళ్లీ మాటలో మహిమ వెతుకుతాం. దీక్ష తీసుకున్న ఇంట్లోనే బిడ్డ చేతికి తాయెత్తు కనపడుతుంది. పాళీ గాథల్ని కూడా మంత్రాల్లా వాడుకుంటాం. "సమాదియామి" అంటే "నేను స్వీకరిస్తున్నాను" అని అర్థం. అందులో వరమిచ్చేవాడు ఎవడూ లేడు. మాట ఇచ్చింది మనం, నిలబెట్టాల్సిందీ మనమే.

బాబాసాహెబ్‌ను చూడండి. హిందువుగా చావనని 1935 అక్టోబర్ 13న యేవలాలో చెప్పినప్పుడు ఆయనకు 44 ఏళ్లు. నాగపూర్‌లో 1956 అక్టోబర్ 14న ఆ మాట నెరవేర్చేనాటికి 65. మధ్యలో 21 ఏళ్ల చదువు, ఆలోచన ఉన్నాయి. లక్షల మంది ఆయన మాట నమ్మింది గొంతు చూసి కాదు, ఆ 21 ఏళ్లు చూసి.

మన జగ్గయ్యపేట ధనబోడు స్తూపానికి వెళ్లండి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట సిద్ధార్థుడనే శిల్పి ఇక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టాడు. సకల జీవుల మేలు కోసం అని శాసనంలో రాయించాడు. మేలు జరగాలని నోటితో అని ఊరుకోలేదు, రాయి మోసి నిలబెట్టాడు. పదిహేడు వందల ఏళ్లు దాటినా అతని మాట మనకు తెలుసు.

నందిగామలో ఉన్నా, జగ్గయ్యపేట పల్లెల్లో ఉన్నా, వచ్చే వారం కిస్తీ మనిషి వస్తే మీరే బయటికి రండి. "ఈ వారం లేవు బాబూ, మిరపకోత కూలి రాగానే ఇస్తాను" అనండి. అతను నాలుగు మాటలు అంటే అంటాడు. సిగ్గేస్తుంది, నిజమే. కానీ తలుపు చాటునుంచి మీ పిల్లాడు చూస్తుంటాడు. వాడికి ఆ రోజు పంచశీల అర్థమవుతుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.