చాంద్రరోగియు మన బిడ్డయే



మత్తయి 4:24లో దయ్యముపట్టినవారు వేరు, చాంద్రరోగులు వేరు. చాంద్రరోగమనగా మూర్ఛ. అది మెదడుకు సంబంధించిన వ్యాధి. శాపము కాదు, అంటురోగము కాదు. తగిన మందులు క్రమముగా వాడినయెడల 100 మందిలో సుమారు 70 మంది మూర్ఛలు లేకుండ బ్రదుకగలరు.

మార్కు 9లోని బాలుడు నిప్పులోను నీళ్లలోను పడుచుండెను. పళవేర్కాడులో మనకు సరస్సు వాకిటనే యున్నది. మూర్ఛగలవానిని ఒంటరిగా నీళ్లలోనికి పంపకుడి. మూర్ఛ వచ్చినప్పుడు ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడి. చేతిలో తాళపుచెవులు, నోటిలో చెంచా పెట్టకుడి. 5 నిమిషములు దాటినయెడల ఆసుపత్రికి చేర్చుడి.

ప్రార్థన చేయుడి, మందు మాన్పింపకుడి. యేసు ఆ బాలుని చెయ్యి పట్టి లేవనెత్తెను. మన తెలుగు సంఘములును అట్టి బిడ్డలను ఇంట దాచనియ్యక, చెయ్యి పట్టి ఆరాధనకు తోడుకొని రావలెను. ఆమేన్.