పరదేశమున ఒక యింటి అతిథి

ధ్యాన భాగములు: లూకా 10:1-11, ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక



పరదేశమునకు పోయి, అచ్చటి సంఘము చూపిన సేవ చేసి రాదలచు యౌవనులు మన సంఘములలో ఇప్పుడు అక్కడక్కడ కనబడుచున్నారు. వారు ఉద్యోగమునకు పోవుటలేదు, పట్టా చదువునకును పోవుటలేదు. ఒక సంవత్సరము ఆ దేశపు సంఘమువారు పెట్టిన పని చేయుదురు. అది వృద్ధాశ్రమములో కావచ్చును, బడిలో కావచ్చును, పాతబట్టలు అమ్మి ఆ సొమ్ము ధర్మకార్యములకు పంపు అంగడిలో కావచ్చును. చేతిఖర్చులకు కొద్దిపాటి సొమ్ము తప్ప జీతమన్నది లేదు. వారి బస హాస్టలులో కాదు. ఒక విశ్వాసుల కుటుంబము తన యింటిలో ఒక గదియు, భోజనపు బల్లయొద్ద ఒక కుర్చీయు ఇచ్చును. అమెరికా, కెనడా దేశముల మెనోనైటు సంఘములవారు 1950లో ప్రారంభించిన మార్పిడి కార్యక్రమము ఈ పద్ధతిపైననే నడిచినది. మన దేశపు యౌవనులును దానిలో వెళ్లి వచ్చినవారు కలరు.

ఈ సంగతి విన్నప్పుడు మన పల్లెలలో పుట్టు మొదటి ప్రశ్న జీతమును గూర్చినది. దానికి జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చును. రెండవ ప్రశ్న అట్టిది కాదు. శ్రీముఖలింగము చుట్టుప్రక్కల మేము పరిచర్య చేయు పల్లెలలో ఒక తల్లి, తన కుమార్తె కెనడా ప్రయాణమునకు ముందు మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఊరు కాని ఊర్ల, మన మనిసి కాని మనిసి ఇంట్ల ఏడాది పొడుగునా కూడు తింతే ఆల రునం ఏటిచ్చి తీరుత్తామండీ?" అని అడిగెను. ఆమె కూలిపని చేసి పిల్లను చదివించినది. ఒకరి చేతి ముద్ద తినినయెడల దానికి ఎక్కడో ఒకచోట లెక్క వ్రాయబడియుండునని జీవితము ఆమెకు నేర్పినది. అప్పు పెట్టినవాడు వీధిలో నిలిచి పిలిచిన పిలుపు వినినవారికే ఆ మాటలోని భయము తెలియును. సేవ చేయుటకు పోయినవాడు ఒకరి యింట ఊరక తినుట న్యాయమేనా? ఇచ్చుటకు బయలుదేరినవాడు మొదట చేయి చాచి నిలువవలసి వచ్చుట తగునా? ఇది వేదాంత కళాశాలలో అడుగదగిన ప్రశ్న అని మాకు తోచినది.

అపొస్తలుడైన పౌలు ఋణమన్న యేమో ఎరుగని మనుష్యుడు కాడు. ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక చిన్నది, ఇరువదియైదు వచనములే. ఒనేసిము వలన ఫిలేమోనుకు కలిగిన నష్టమంతయు తానే చెల్లింతునని పౌలు దానిలో తన చేతితోనే వ్రాసి యిచ్చెను. అది మన ప్రామిసరీ నోటు వంటిది. ఆ మాట వ్రాసిన మూడు వచనములకే, తాను రాగలనని నిరీక్షించుచున్నాడు గనుక బస సిద్ధపరచుమని అదే ఫిలేమోనును అడుగుచున్నాడు. ఆ బసకు ఏమి ఇచ్చునో ఒక్క మాట లేదు. బాకీకి నోటు వ్రాసిన చేయి గదికి ఏమియు వ్రాయలేదు! పౌలు లెక్క మరచెనని మేము తలంచము. బాకీ వేరు, బస వేరు. బాకీ తీరిన దినమున ఇద్దరు మనుష్యులు ఒకరితో ఒకరికి పనిలేనివారై ఎవరి త్రోవను వారు పోవుదురు. బాకీ యొక్క ఉద్దేశమే అది. బస పుచ్చుకొనినవాడు ఆ యింటితో సంబంధమును పుచ్చుకొనుచున్నాడు. దానిని తీర్చివేయగోరుట తెంచివేయగోరుటయే. రోమీయులకు వ్రాసిన పత్రిక చివర పౌలు రూఫు తల్లిని తనకును తల్లియని చెప్పుచున్నాడు. ఆమె అతనికి ఎన్ని దినములు అన్నము పెట్టెనో తెలియదు గాని, మిగిలినది లెక్క కాదు, వరుస.

ఈ మాట సోమరులకు తీపిగా నుండునని మేమెరుగుదుము. పౌలు గారును ఎరుగును. అందుచేతనే థెస్సలొనీకలో రాత్రింబగళ్లు కష్టపడి, ఎవరికిని భారముగా నుండలేదు. కొరింథులో అకుల ప్రిస్కిల్లల యింట దిగి, వారితో కూడ డేరాలు కుట్టెను. ఆ దంపతులును సొంత ఊరివారు కారు. క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞచేత రోమానుండి వెడలి వచ్చినవారు. గూడు పోయినవారే మరియొక పరదేశికి గూడు ఇచ్చిరి. పౌలు కొరింథీయుల యొద్ద జీతము పుచ్చుకొననొల్లలేదు గాని అకుల యింటి గడప దాటి లోనికి పోవుటకు సందేహింపలేదు. డిడాఖే అను ఒక ప్రాచీన క్రైస్తవ గ్రంథము 1873లో కాన్‌స్టాంటినోపులులో ఒక పాత వ్రాతప్రతిలో దొరికినది. ఊరూరు తిరుగు బోధకుడు ఒక దినము, అవసరమైతే రెండు దినములు ఉండవచ్చుననియు, మూడవ దినమున కూడ కదలనివాడు అబద్ధ ప్రవక్తయనియు ఆ గ్రంథము చెప్పుచున్నది. స్థిరముగా నుండగోరువాడు చేతిపని చేసి భుజింపవలెనట. ఆదిసంఘమువారు అమాయకులు కారు. చుట్టపుచూపుగా వచ్చి కాపురము పెట్టువారిని వారును చూచియుండిరి. కాబట్టి ఏడాది పాటు ఒక యింట నుండువారు చుట్టములు కారు. అంట్లు కడుగువేళ కడుగవలెను, మంచు పడిన దినమున వాకిలి ఊడ్చవలెను. అది బాడుగ కాదు. మన యింటిలో పిల్లలు చేయు పని వంటిది.

ప్రభువు డెబ్బదిమంది శిష్యులను పంపినప్పుడు చెప్పిన షరతులు ఈ సందర్భములో చదువదగినవి. సంచి వద్దనెను, జాలె వద్దనెను. ఒక యింట దిగినవారు మరియొక యింటికి మారరాదనెను. ముందు ఏమి పెట్టబడినను తినుడనెను. బోధను గూర్చిన ఆజ్ఞకంటె భోజనమును గూర్చిన ఆజ్ఞ ముందుగా వచ్చుట మేము చాలకాలము గమనింపలేదు. ఇల్లు మారుట అన్నది మనకు చిన్న విషయముగా తోచును. ఎదుటి వీధిలో పెద్ద యిల్లు, మంచి వంట దొరికినప్పుడు మారినయెడల, మొదటి యింటివారి బీదతనము ఊరంతటికి చాటబడును. ఆ యింటి గౌరవము అతిథి చేతిలో నున్నది. ఆ యింటివారు ఏ మాటమీద పోట్లాడుకొందురో, ఏ కుమారుడు ఎందుకు ఇల్లు విడిచెనో అతిథికి తెలియక పోదు. తెలిసినది ఆ గడప దాటరాదు.

ఇక తిండి. మన పిల్లలు పెట్టెలో ఆవకాయ సీసా పెట్టుకొని పోవుట లూకా సువార్త పదియవ అధ్యాయమునకు విరుద్ధమా అని ఒక యౌవనుడు మమ్మును నవ్వుచు అడిగినాడు. విరుద్ధము కాదని చెప్పితిమి. ఆ సీసాను గదిలో దాచుకొని రాత్రివేళ ఒంటరిగా తినుట మాత్రము విరుద్ధమే. బల్లమీద పెట్టవలెను, వారును కన్నీళ్లు కార్చుచు రుచి చూతురు గాక. అక్కడి యిండ్లలో పొగ తగిలిన వెంటనే మ్రోగు గంట యొకటి పైకప్పునకు ఉండును. మన తాలింపు వేసిన మొదటి దినమున అది మ్రోగక మానదు. ఉడికిన బంగాళాదుంపయు, చల్లని రొట్టెయు మూడవ వారమునకు నోటికి సహింపవు. చోడి అంబలి తలపునకు వచ్చి ఏడ్చువారును కలరు. అది పాపము కాదు. అయితే ఆ యింటి యిల్లాలు తనకు తెలిసినంతలో అన్నము వండి, అది ముద్దయైపోగా సిగ్గుపడుచు తెచ్చి పెట్టునప్పుడు, ఆ ముద్దను రెండవమారు అడిగి తినుట సేవలో భాగమని మేము నమ్ముచున్నాము.

పేతురు యొప్పేలో అనేక దినములు దిగిన యిల్లు చర్మకారుడైన సీమోను యిల్లు. అది సముద్రపు ఒడ్డున, ఊరికి అంచున నుండెను. తోలుపని చేయువారి యిండ్లు మన ఊళ్లలో ఎక్కడ ఉండునో చదువరులకు మేము చెప్పనక్కరలేదు. పేతురునకు దుప్పటివంటి దర్శనము వచ్చినది దేవాలయములో కాదు. ఆ యింటి మిద్దెమీద, క్రింద వంట అగుచుండగా, ఆకలిగా నున్నప్పుడు. ఏది అపవిత్రము, ఏది కాదు అను పాఠమును అతడు నేర్చుకొనుటకు ముందే ఆ యింటి అన్నము ఎన్ని దినములు తినియుండెనో! అంతలోనే కొర్నేలి పంపిన ముగ్గురు మనుష్యులు వాకిట నిలువగా, పేతురు వారిని లోపలికి పిలిచి ఆ రాత్రి అక్కడనే ఉంచెను. తానే అతిథి, మరి ముగ్గురికి ఆతిథ్యము! సీమోను భార్య ఏమనుకొనెనో లూకా వ్రాయలేదు.

ఇక్కడ మన సొంత చరిత్రను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మనకు సువార్త తెచ్చిన మిషనరీలు బంగళాలలో ఉండిరి. చలికాలపు పర్యటనలలో మామిడితోపులలో డేరాలు వేసికొనిరి. వారిని నిందించుట మా ఉద్దేశము కాదు. 1805లో విశాఖపట్టణము వచ్చిన లండను మిషను వారిలో జార్జి క్రాన్ దొరగారు 1809లోను, అగస్టస్ డెస్ గ్రాంజెస్ దొరగారు 1810లోను మరణించిరి. ఈ ఎండలు, జ్వరములు అట్టివి. మన పేటలలో ఒక గది యిండ్లే ఉండెను. ఒక కులమువారి యింట దిగినయెడల మరియొక కులమువారు మాట వినరను భయమును ఉండెను. కారణములన్నియు నిజమే. అయినను నష్టమును నిజమే. మన తాతలు బంగళా మెట్లయొద్దకు ఎన్నిమార్లు పోయిరో లెక్కలేదు. దొరగారు మన యింట ఒక రాత్రి పండుకొనిరని చెప్పుకొనగల కుటుంబము ఉన్నయెడల మూడు తరములు ఆ మాట చెప్పుకొనును. బడి ఇచ్చిరి, ఆసుపత్రి ఇచ్చిరి, మనకు పెట్టుటకు అవకాశము మాత్రము తక్కువగా ఇచ్చిరి. ఎల్లప్పుడు పుచ్చుకొనుచుండిన చేయి తాను ఇయ్యగలనని మరచును. ఆ మొదటి మిషనరీలు ఒక్క విషయములో మాత్రము నిజముగా అతిథులైరి: మన భాషను మనవారియొద్ద పుచ్చుకొనిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి సహాయము లేనిదే వారి తెలుగు సువార్తల పని సాగియుండదు.

పరదేశ సేవ తెల్లవారిదే అని తలంచువారు 1903వ సంవత్సరమును గుర్తుంచుకొనవలెను. ఆ యేట నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్తిస్టు సంఘముల హోమ్ మిషనువారు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పంపిరి. 1860 మొదలు 1911 వరకు ఒప్పందపు కూలివారు ఓడలలో అక్కడికి పోయిరి. అప్పటి గంజాము, విశాఖపట్టణము జిల్లాలనుండి, అనగా మన పల్లెలనుండియు పోయినవారు వారిలో ఉండిరి. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలయొద్ద తెలుగు సంఘము ఏర్పడెను. రంగయ్యగారు 1915లో మరణించువరకు ఆ దేశములోనే పనిచేసిరి. ఐదేండ్ల ఒప్పందమునకు కట్టుబడిన మనుష్యులు, తమ చెమటమీద తమకే హక్కులేనివారు, ఒక బోధకుని చేర్చుకొని సంఘమైరి.

ఆతిథ్యము క్రైస్తవులకే తెలుసునని మేము చెప్పబోము. శ్రీముఖలింగము వంశధార ఒడ్డున నున్న ఊరు. తూర్పు గాంగరాజుల కళింగనగరము ఇదేయని చరిత్రకారులలో అనేకులు చెప్పుదురు. శివరాత్రికి మధుకేశ్వరాలయమునకు ఒడిశానుండియు యాత్రికులు వత్తురు. ఆ దినములలో వీధి అరుగులమీద ఎరుగని మనుష్యులు పండుకొని యుందురు. ఇంటివారు మంచినీళ్లు ఇత్తురు, పేరు అడుగరు. వారి ఆరాధన మన ఆరాధన కాదు. అయితే ఓడ పగిలి మెలితే ద్వీపమున చేరిన పౌలునకు చలిమంట వేసినవారును క్రైస్తవులు కారు. వారి దయ సామాన్యమైనది కాదని లూకాయే సాక్ష్యమిచ్చుచున్నాడు. తిథి చెప్పక వచ్చువాడు గనుక అతిథి అని మన పెద్దలు చెప్పుదురు. తిథి, విమానపు నంబరు, వీసా అన్నియు ముందే పంపి వచ్చువానికి ఈ పేరు తగునో లేదో!

ఇల్లిచ్చువారి లోపములును కలవు. కొందరు తమ యింట దిగిన యౌవనస్థురాలిని ఆదివారము ఆదివారము సభలలో నిలువబెట్టి, ఆమె దేశపు బీదతనమును గూర్చి చెప్పించుచుందురు. ఆమె చెప్పుటకు వేరే మాటలు కలవు. వంశధార వరదను గూర్చి, తన తమ్ముని పెండ్లిని గూర్చి, కీర్తనల రాగములను గూర్చి అడుగవచ్చును. మరికొందరు ఖర్చులేని పనిమనిషి దొరికినదని తలంతురు. ఇంకను కీడైన సంగతులు జరుగు యిండ్లును లోకములో ఉన్నవి. ఒకే యింట నుండుమన్న ప్రభువే, చేర్చుకొనని ఊరి ధూళిని దులిపివేసి పొమ్మనియు చెప్పెను. కాబట్టి ఆ తల్లితో మేము మొదట చెప్పినది వాక్యము కాదు. ఆ యింటివారు కాక, ఆ ఊరిలో మరియొకరి ఫోను నంబరు పిల్లయొద్ద నుండవలెననియు, కీడు జరిగినచో సిగ్గుపడక బయటికి రావలెననియు చెప్పితిమి. ఋణమును గూర్చిన మాటలు తరువాత చెప్పితిమి. "అయితే ఆలు మన ఊరొత్తే మనింట్ల దిగాలండి," అని ఆమె అనెను.

షూనేములోని ఘనురాలు ఎలీషా కొరకు గోడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము ఉంచెను. రాజుతో నీ కొరకు మాటలాడవలెనా అని అతడు అడిగించినప్పుడు, తాను తన జనులలో కాపురమున్నాననెను. అంత నిబ్బరముగా చెప్పిన ఆ స్త్రీయే, కరవు రాగా ఎలీషా మాటచొప్పున తన యింటివారితో లేచి, ఫిలిష్తీయుల దేశములో ఏడేండ్లు పరదేశిగా నుండెను. రెండవ రాజుల గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో ఆ సంగతి చూడవచ్చును. అక్కడ ఆమెకు మంచమును దీపమును ఇచ్చిన యిల్లు ఎవరిదో వ్రాయబడలేదు.