పొదుపు ఎవరి జేబులోంచి?

మా ఇంట్లో ఒక పాత మోటారుసైకిలు ఉంది. మా మామగారు 1986లో కొన్నది. ఆయన పోయాక మావారికి సంక్రమించింది, ఆయన కోపంతో సహా. కోపాన్ని భరించడం ఎప్పుడో అలవాటు చేసుకున్నాను గానీ, ఈ ఏడాది పెట్రోలు ఖర్చును భరించడం నా వల్ల కాలేదు. లీటరుకు ముప్ఫై అయిదు కిలోమీటర్లు నడిచేది ఇరవై రెండుకు దిగింది. పైగా స్టాండు వేసిన చోటల్లా పెట్రోలు చుక్కలు! కంపెనీ పేరు చెప్పను. ఇన్నేళ్ళు చాకిరీ చేసిన వస్తువు అరిగిందని నేరం మోపడం న్యాయం కాదు గదా.

"అమ్మేద్దాం" అన్నాను. వాళ్ళ నాన్నగారినే అమ్మేద్దామన్నట్టు చూశారు మావారు.

సరే, విజయవాడ ఆటోనగర్‌కు బయల్దేరాం. నేనెందుకంటారా? మావారికి బండి తెలుసు గానీ బేరం తెలీదు. నాకు బండి తెలీదు, బేరం వచ్చు. సంసారాలు ఇలాగే గదా సాగేది!

మేస్త్రీకి అరవై ఏళ్ళుంటాయి. బండిని ఒకసారి స్టార్టు చేసి విన్నాడు. ప్లగ్గు విప్పి చూశాడు. మసిబొగ్గులా ఉంది. "కార్బురేటరమ్మా" అన్నాడు. అదేమిటో ఆ రోజు దాకా నాకు తెలియదు. పెట్రోలునూ గాలినీ పాళ్ళు చూసి కలిపి ఇంజనుకు పంపే వంటమనిషి అన్నమాట. 2020 ఏప్రిల్‌లో కొత్త పొగ నిబంధనలు వచ్చాక, కొత్త బళ్ళలో దాదాపు అన్నిటికీ ఆ వంటమనిషి ఉద్యోగం ఊడింది. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చూసుకుంటోంది. పాత బళ్ళలో మాత్రం ఇంకా చేతివంటే.

మేస్త్రీ దాన్ని విప్పి, అర చెయ్యంత గుడ్డ మీద ముక్కలన్నీ వరసగా పేర్చాడు. అందులో సన్నటి సూది ఒకటి, అది దూరే ఇత్తడి గొట్టం ఒకటి. నీడిల్, జెట్ అంటారుట. మనం యాక్సిలరేటరు తిప్పినప్పుడల్లా సూది పైకి లేస్తుంది, పెట్రోలుకు దారిస్తుంది. ఏళ్ళ తరబడి అలా రాసుకుని రాసుకుని, గుండ్రటి రంధ్రం కాస్తా కోలగా అయింది. కంటికి కనిపించని ఆ తేడాలోంచే మా జీతం కారిపోతోంది.

"కొత్త కార్బురేటరు రెండు వేల పైమాట. అక్కర్లేదమ్మా. నీడిలూ జెట్టూ జతగా మారుద్దాం. ఫ్లోటు పిన్ను మారిస్తే కారడం ఆగుతుంది. తక్కినవి కడిగితే చాలు" అన్నాడు.

మావారు తెలివిగా, "సూది తలకు గాట్లున్నాయి గదా, క్లిప్పు పై గాటులోకి మారిస్తే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గదూ?" అన్నారు. మేస్త్రీ నవ్వాడు. "తగ్గుతుంది సార్. అది అరుగుదలను దాచడం. బాగుచెయ్యడం కాదు."

మరో జెట్టులో మట్టి అడ్డుపడితే నేను జడపిన్ను తీసి ఇవ్వబోయాను. వద్దన్నాడు. ఇనుముతో పొడిస్తే మెత్తటి ఇత్తడి రంధ్రం పెద్దదై, ఉన్నది కూడా చెడుతుందిట. గాలి కొట్టి శుభ్రం చేశాడు. ఆఖర్న ఇంకో మాట చెప్పాడు. "లోపల ఎక్కి దిగే స్లైడ్ కూడా అరిగింది. కొత్తది వేసినా లోపలి గోడ అరిగి ఉంది కనక సగమే లాభం. ఈసారికి ఉంచండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజను నిలకడగా ఉండదు, కాస్త యాక్సిలరేటరు పట్టుకుని ఉండండి. చెప్పలేదనుకుంటారని చెబుతున్నా."

సామాన్లు అయిదు వందల యాభై. డబ్బా మీద ధర అచ్చేసి ఉంది, మారు మాట్లాడకుండా ఇచ్చాను. కూలి ఆరువందలన్నాడు. అప్పుడు నా విద్య బయటికి తీశాను. "రెండు చిన్న ముక్కలు మార్చినందుకు ఆరువందలా?" అని మొదలుపెట్టి నాలుగు వందలకు తెగ్గొట్టాను. మావారు నన్ను గర్వంగా చూశారు. నన్ను నేనూ చూసుకున్నాను లెండి.

బండి బ్రహ్మాండంగా నడిచింది. నాకే రాత్రి నిద్ర పట్టలేదు.

అచ్చయిన ధర ముందు తలవంచిన దాన్ని, మనిషి నోటితో చెప్పిన ధరను ఎందుకు తెగ్గొట్టాను? సూదిని చేత్తో పట్టుకుని చూడవచ్చు. కూలిని చూడలేం. అందులో మూడు గంటల పనే గాక, ఏది మార్చాలో, అంతకంటే ముఖ్యంగా ఏది మార్చనక్కర్లేదో తెలిసిన నలభై ఏళ్ళ అనుభవం ఉంది. ఆయన "మొత్తం పోయిందమ్మా, కొత్తది వెయ్యాలి" అని ఉంటే? నాకు తెలిసేదా? రెండు వేల పైచిలుకు మాట్లాడకుండా కట్టేదాన్ని. ఆయనకు అరగంటలో పని తెమిలేది, సామాన్ల కొట్టువాడు ఏదో ముట్టజెప్పేవాడు కూడానేమో. నిజం చెప్పినందుకు పని పెరిగింది, రాబడి తగ్గింది. ఆ తగ్గినదాంట్లోంచి నేను మరో రెండు వందలు కోశాను. అంటే, నిజాయితీకి నేను జరిమానా వేశానన్నమాట!

మా అమ్మమ్మా బేరమాడేది. రోలుకు గాట్లు పెట్టేవాడితోనూ, గిన్నెలకు కళాయి పోసేవాడితోనూ గంటసేపు వాదించేది. పావలా తగ్గించేది. తరవాత ఆ మనిషిని అరుగు మీద కూచోబెట్టి, విస్తరేసి, ఆవకాయా మజ్జిగా పోసి అన్నం పెట్టేది. ఆ లెక్కన ఎవరికి లాభమో నాకు ఇప్పటికీ తేలలేదు. నేను ఆవిడ దగ్గర బేరం ఒక్కటే నేర్చుకున్నాను, విస్తరి సంగతి మర్చిపోయాను.

బేరమే తప్పంటానా? అనను. ఆ బండి మీదే పాలక్యాన్లు వేసుకుని బతికే మనిషికి రెండు వందలంటే రెండు పూటల భోజనం. అతను అడగాలి, అడుగుతాడు. మేస్త్రీకీ తెలుసు, తగ్గిస్తాడు. నాకు ఆ అవసరం లేదు. అవసరం లేనివాళ్ళం తగ్గించుకుంటే, ఉన్నవాడికి తగ్గించడానికి మేస్త్రీ దగ్గర ఏం మిగులుతుంది?

యెజ్డీలు తయారుచేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతబడింది. అయినా ఆ బళ్ళు ఇంకా రోడ్ల మీద కనిపిస్తున్నాయి. కంపెనీ పోయాక వాటిని బతికించింది ఎవరు? ఇలాంటి మేస్త్రీలే. పాత వస్తువును పారెయ్యకుండా వాడుకుంటున్నామని మనం గొప్పలు చెప్పుకుంటాం. ఆ గొప్పకు పెట్టుబడి మాత్రం వాళ్ళ నడుములూ, వాళ్ళ కళ్ళూ. అరిగిన సూదిని మార్చవచ్చు. అరిగిన కళ్ళకు ఏ డబ్బాలోనూ సామాను దొరకదు. పొదుపంటే అక్కర్లేని ఖర్చు మానడం. ఇవ్వవలసింది ఎగ్గొట్టడానికి వేరే పేరుంది, మర్యాదస్తులం కనక మనం ఆ పేరు వాడం.

ఇంతకీ నాకూ ఇది కొత్త కాదు. "మీరు ఇంట్లోనే ఉంటారుగా, మా సావనీరుకు ఒక చిన్న కథ రాసివ్వండి" అనేవాళ్ళు కాగితానికీ, అచ్చుకూ డబ్బు కడతారు. కథ మాత్రం ఊరికే రావాలి. అప్పుడు నాకెంత మండుతుందో మావారికి తెలుసు.

మర్నాడు వెళ్ళి రెండు వందలు ఇవ్వబోయాను. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ, "బేరం అయిపోయిందిగదమ్మా, ఇప్పుడు తీసుకుంటే నేను మాట తప్పినట్టు" అన్నాడు. ఎంత చెప్పినా ముట్టుకోలేదు. నేను మొహం చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగితే పిలిచి అన్నాడు:

"ఏడాదిలో స్లైడ్ పనికి ఎలాగూ వస్తారుగా. అప్పుడు మాత్రం సార్‌ని ఒక్కణ్ణే పంపండి."