క్లోజప్‌కి దొరకని విమానాలు

తెలుగు సినిమాలో సైనికులకి కొదవ లేదు. ‘బొబ్బిలి పులి’ నుంచి ‘మేజర్’, ‘సీతారామం’ దాకా మన హీరోలు యూనిఫారం వేస్తూనే ఉన్నారు. ఆకాశంలోకి వెళ్ళడానికే బాగా ఆలస్యమైంది. 2017లో మణిరత్నం ‘చెలియా’ తమిళం నుంచి వచ్చింది. మన హీరోనే కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, తెలుగులోనూ హిందీలోనూ తీసిన ‘ఆపరేషన్ వాలెంటైన్’ 2024 మార్చి 1న విడుదలైంది. దానికి అయిదు వారాల ముందే హిందీ ‘ఫైటర్’ వచ్చింది. ఇవి బాగున్నాయా, ఆడాయా అన్నది వేరే చర్చ. మూడింటిలోనూ కథానాయకుడు నడిపేది ఒకే రకం విమానం, ఫైటర్ జెట్. ‘ఫైటర్’లో హీరోయిన్ హెలికాప్టర్ నడుపుతుంది. ‘ఆపరేషన్ వాలెంటైన్’లో హీరోయిన్ రాడార్ ముందు కూర్చుంటుంది. సినిమా దృష్టిలో ఏ విమానం ఏ స్థాయిదో ఆ పంపకం చూస్తేనే తెలిసిపోతుంది.

దీనికి కారణం దేశభక్తి కంటే ముందు కెమెరా. ఫైటర్ కాక్‌పిట్ క్లోజప్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. గాజు బుడగ కింద ఒక్క మనిషి, ఒక్క ముఖం, చేతి కింద ఒక్క మీట. నిజానికి ఎగిరేటప్పుడు ఆ ముఖం ఆక్సిజన్ మాస్కు వెనక, హెల్మెట్ అద్దం వెనక ఉంటుంది. సినిమాలో మాత్రం మాస్కు మాటిమాటికీ పక్కకి తప్పుకుంటుంది, మనం టికెట్ కొన్నది ఆ ముఖం కోసమే కాబట్టి. ముందు హీరో డేట్స్, తర్వాతే కథ అని నడిచే ఫిల్మ్‌నగర్‌కి సింగిల్ సీటర్ విమానం నచ్చడంలో వింత లేదు. అందులో కూర్చున్నవాడే చూస్తాడు, నిర్ణయిస్తాడు, కొడతాడు, దెబ్బ తింటాడు. మెచ్చుకోవాలన్నా నిలదీయాలన్నా వేలు పెట్టి చూపించడానికి ఒక మనిషి ఉంటాడు.

నా ప్రశ్న అక్కడ మొదలవుతుంది. ఈనాటి వాయుసేనని ఆ ఒక్క మనిషి చుట్టూ కట్టలేదు. యుద్ధంలో మంచిచెడ్డల గురించి మన ఆలోచన ఆ ఒక్క సీటు దగ్గరే ఆగిపోతే, మిగతా సీట్లలో ఉన్నవాళ్ళని ఏ లెక్కలో వేయాలి?

మన దగ్గరున్న విమానాలనే పనినిబట్టి ఒకసారి చూద్దాం. సుఖోయ్-30, రఫేల్, మిరాజ్, జాగ్వార్, తేజస్ - ఇవి పోస్టర్ మీదకెక్కేవి. 1963లో చేరిన మిగ్-21 కూడా ఈ జాతిదే, 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకుంది. వీటి వెనక సి-17, సి-130జె, ఏఎన్-32 లాంటి రవాణా విమానాలుంటాయి. మనుషుల్నీ సరుకునీ మోయడం వాటి పని. గాలిలోనే ఇంకో విమానానికి ఇంధనం నింపే ఐఎల్-78 ఉంటుంది. వీపు మీద రాడార్ మోస్తూ, వందల కిలోమీటర్ల మేర ఎవరెక్కడ ఎగురుతున్నారో చూసి ఫైటర్లకి దారి చెప్పే ఫాల్కన్, నేత్ర ఉంటాయి. మి-17, చినూక్, అపాచీ హెలికాప్టర్లుంటాయి. సముద్రం అడుగున జలాంతర్గాముల్ని వెతికే పి-8ఐలు నౌకాదళానివి. వాటికి ముందుతరం టీయూ-142 ఒకటి 29 ఏళ్ళు పనిచేసి, ఇప్పుడు విశాఖ బీచ్‌రోడ్డులో మ్యూజియంగా నిలబడి ఉంది. ఇక మనిషే ఎక్కని డ్రోన్లు. వీటన్నిటికీ మొదలు శిక్షణ విమానం. మన దుండిగల్ అకాడమీలో పిల్లలు పిలాటస్ మీదే ఎగరడం నేర్చుకుంటారు. 2023 డిసెంబర్ 4న మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర అలాంటి విమానం కూలి, నేర్పేవారూ నేర్చుకునేవారూ ఇద్దరూ చనిపోయారు. యుద్ధం లేదు, శత్రువు లేడు. వాళ్ళ మీద ఎవరూ సినిమా తీయరు.

ఈ జాబితాలో సగానికి పైగా విమానాలకి బాంబు వేసే పని లేదు. కానీ అవి లేకపోతే బాంబు వేసే విమానం గురి దాకా వెళ్ళలేదు. 2019 ఫిబ్రవరి 26 తెల్లవారుజామున బాలాకోట్ మీద బాంబులు వేసినవి మిరాజ్ 2000లు. వాటికి తోడుగా ఆకాశంలో రాడార్ విమానం ఉంది, ఇంధన విమానం ఉంది. ఆ సిబ్బంది ఆ రాత్రి ఎవరినైనా చంపబోయారా, చంపబోయేవాళ్ళకి సాయం చేశారా, తమ డ్యూటీ తాము చేశారా? మూడూ నిజమే అనిపిస్తుంది. అలా అనిపించడమే చిక్కు.

మర్నాడు, ఫిబ్రవరి 27 ఉదయం, రెండు సంఘటనలు జరిగాయి. ఒకటి అందరికీ తెలుసు. మిగ్-21లో వెళ్ళిన అభినందన్ వర్ధమాన్ పాకిస్తాన్‌కి చిక్కి, మార్చి 1న తిరిగొచ్చాడు. ‘ఆపరేషన్ వాలెంటైన్’ విడుదల సరిగ్గా దానికి అయిదేళ్ళకి. రెండోది తక్కువమందికి గుర్తుంటుంది. శ్రీనగర్ దగ్గర బుద్గామ్‌లో మన మి-17 హెలికాప్టర్ కూలింది. అందులో ఉన్న ఆరుగురు వాయుసేన సిబ్బంది, నేల మీదున్న ఒక పౌరుడు చనిపోయారు. దాన్ని కూల్చింది మన క్షిపణే. అది పెద్ద తప్పని ఆ ఏడాది అక్టోబర్‌లో అప్పటి వాయుసేనాధిపతి భదౌరియా ఒప్పుకున్నారు.

ఒకే ఉదయం, ఒకే ఆకాశం. ఒక విమానానికి ముఖం ఉంది, మీసం ఉంది, కథ ఉంది. రెండోదానికి విచారణ నివేదిక ఉంది. తప్పంతా సినిమావాళ్ళదే అనడం కూడా న్యాయం కాదు. సైన్యం మీద తీసే సినిమాలకి ముందుగా అనుమతిపత్రం తీసుకునేలా చూడమని 2020లో రక్షణశాఖ సెన్సార్ బోర్డుకి రాసింది. నిజం విమానాలు తెరమీద కనపడాలంటే వాయుసేన సహకారం కావాలి. బుద్గామ్ కథ పట్టుకుని ఆ తలుపు తట్టే ధైర్యం ఏ నిర్మాతకి ఉంటుంది?

పదిమందిలో పాము చావదని సామెత. ఒకరి మీద ఒకరు వదిలేస్తారు కాబట్టి పని జరగదని దానర్థం. ఆధునిక యుద్ధం ఆ సామెతని తిరగేసింది. ఇక్కడ పదిమందిలోనే పాము చస్తుంది, చంపినవాడే కనపడడు. ఒకడు చూశాడు, ఒకడు చెప్పాడు, ఒకడు ఇంధనం నింపాడు, ఒకడు మీట నొక్కాడు, ఇంకెవరో ఎక్కడో సంతకం పెట్టారు.

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి కాబట్టి ఈ పద్ధతి నాకు కొత్త కాదు. సర్వర్లు పడిపోతే తర్వాత మేం ఒక మీటింగ్ పెట్టుకుంటాం. దానికో నియమం ఉంటుంది, ఎవరినీ పేరు పెట్టి నిందించకూడదు. పేరు ఎత్తితే జనం దాచిపెడతారు, దాచిపెడితే అదే తప్పు మళ్ళీ జరుగుతుంది. మంచి నియమమే. విమాన ప్రమాదాల విచారణలోనూ ఇలాంటి ఆలోచన ఉంది. ఏం జరిగింది అన్న ప్రశ్నకి దాన్ని మించిన దారి లేదు. ఎవరు జవాబు చెప్పాలి అన్న ప్రశ్నకి మాత్రం అది చాలదు. కార్ట్‌లో వేసిన వస్తువులు పోయాయని ఫిర్యాదు చేసినవాళ్ళకి ‘వ్యవస్థలో లోపం’ అంటే సర్దుకుంటారు. బుద్గామ్‌లో నేలమీద నిలబడి చనిపోయిన మనిషి ఇంటికి వెళ్ళి అదే మాట ఎలా చెప్తాం?

ఈ ప్రశ్నకి పాత ఉదాహరణ హిరోషిమా. 1945 ఆగస్టు 6 నాటి ఆ పనికి ఏడు బి-29లని కేటాయించారు. ఏడూ ఒకే రకం విమానాలు, పనులు వేరు. ఎనోలా గే బాంబు మోసింది. ఒకటి కొలత పరికరాలు, ఇంకొకటి కెమెరాలు తీసుకెళ్ళాయి. ఒకటి అత్యవసరానికని ఐవో జిమాలో సిద్ధంగా ఉంది. మూడు విమానాలు ముందే బయల్దేరి మూడు ఊళ్ళ మీద వాతావరణం చూశాయి. హిరోషిమా మీదకెళ్ళిన వాతావరణ విమానానికి పైలట్ క్లాడ్ ఈథర్లీ. బాంబు వేయడానికి ఆకాశం అనుకూలంగా ఉందని కబురు పంపి వెనక్కి తిరిగాడు. అతను చేసింది అంతే.

యుద్ధం తర్వాత మనసు చెదిరి మానసిక వైద్యశాలల్లో ఏళ్ళు గడిపింది ఈథర్లీ. బాంబు మోసిన విమానం నడిపిన పాల్ టిబెట్స్ మాత్రం తనకి పశ్చాత్తాపం లేదని, రాత్రుళ్ళు హాయిగానే నిద్రపడుతుందని చివరిదాకా చెప్పాడు. 1959లో గుంతర్ అండర్స్ అనే తత్వవేత్త వియన్నా నుంచి ఈథర్లీకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పెద్ద యంత్రంలో మరలాగా పనిచేసిన మనిషి ఏ దురుద్దేశం లేకుండానే దోషి అయిపోతాడని, ఆ సంగతి గుర్తించగలిగినవాడి మనసు ఇంకా బతికే ఉందని అండర్స్ ఆలోచన. ఈథర్లీ బాధలో కొంత కల్పన ఉందని వాదించినవాళ్ళూ లేకపోలేదు. ఉన్నా ఉండొచ్చు. వాతావరణం చూసి చెప్పడం కూడా చేయడమేనా అన్న ప్రశ్న మాత్రం దానివల్ల తేలిపోదు.

ఈ ప్రశ్న తెలుగువాళ్ళకి వియన్నా దాకా వెళ్తేగానీ దొరకనిది కాదు. తిక్కన మనకి తెలుగు చేసిపెట్టిన స్త్రీపర్వంలోనే ఉంది. గాంధారి కొడుకుల్ని చంపినవి భీముడి చేతులు. ఆ చేతులు ఆమె ఎదురుగానే ఉన్నాయి. అయినా ఆమె శాపం పడింది ఆయుధం పట్టనని మాటిచ్చి రథం తోలినవాడి మీద. ఆపగలిగి ఉండీ ఉపేక్షించావన్నది ఆమె అభియోగం. కృష్ణుడు శాపాన్ని ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటూనే, కొడుకుని ఆపని తప్పులో నీకూ పాలుందని ఆమెకే గుర్తుచేస్తాడు. అంటే ఆ కథలో బాధ్యత గదాధారి నుంచి సారథికి, సారథి నుంచి ఇంట్లో కూర్చున్నవాళ్ళకి నడిచివస్తుంది. అలా నడిచేటప్పుడు భీముడి దగ్గరున్నదేమీ తగ్గదు.

నాకు తేలింది ఇదే. బాధ్యత బిర్యానీ బిల్లు లాంటిది కాదు, పదిమంది ఉంటే తలా పదోవంతు రావడానికి. ఎవరి పనికి వాళ్ళకి పూర్తిగా ఉంటుంది. దాని బరువు ఎంత అన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. నా పని ఎటు పోతోందో తెలుసుకునే వీలు నాకుందా? వద్దనో ఆగమనో అనగలిగే చోటు నాకుందా? ఈ రెండూ ఎక్కువగా ఉన్నవాడి బరువు ఎక్కువ, మీట అతని చేతిలో లేకపోయినా సరే. ఆ లెక్కన ఫైటర్ పైలట్ కంటే రాడార్ తెర ముందున్న అధికారికీ, అతని కంటే ఆదేశం రాసినవాడికీ ఎక్కువ బరువు ఉండొచ్చు. మన సినిమా లెక్క దీనికి సరిగ్గా తలకిందులు.

ఈ లెక్క మన ఊరి దాకా వస్తుంది. ఫిల్మ్‌నగర్‌లో గ్రీన్‌మ్యాట్ ముందు ఎగిరే విమానాలు సరే. ఇదే ఊరి అవతలి చివర ఆదిభట్లలో సి-130జె తోకభాగాలు తయారై అమెరికా వెళ్తాయి. 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల ఒళ్ళు అక్కడే తయారవుతోంది. రఫేల్ ఒళ్ళు కూడా హైదరాబాద్‌లో చేయడానికి 2025 జూన్‌లో ఒప్పందం కుదిరింది. ఇజ్రాయెల్ డిజైన్ చేసిన హెర్మిస్ 900 డ్రోన్ల కర్మాగారం 2018 డిసెంబర్‌లో ఇక్కడ మొదలైంది. అక్కడ తయారైన ‘దృష్టి-10’ని 2024 జనవరిలో మన నౌకాదళానికి అప్పగించారు. ఆ కర్మాగారం నుంచి డ్రోన్లు ఇజ్రాయెల్‌కీ వెళ్ళాయని ఆ తర్వాతి నెలలో వార్తలు వచ్చాయి. పాపంలో వాటా తీసుకుంటారా అని బోయవాడు ఇంటివాళ్ళని అడిగిన కథ మనకి తెలుసు. తిన్నది అందరూ, పాపం నీది ఒక్కడిదే అన్నారు వాళ్ళు. ఉద్యోగాలు, ఎగుమతులు, ఊరికి పేరు - ఇవి మాకు, విమానం ఎక్కడికెళ్తే మాకేం అనడం ఆ జవాబుకి ఎంత దూరం?

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఇలా లాగుతూ పోతే రివెట్ బిగించినవాడూ పన్ను కట్టినవాడూ అందరూ దోషులే, అందరూ దోషులైతే ఎవరూ దోషి కాదు. పైగా అవే విమానాలు ప్రాణాలూ నిలబెట్టాయి. 2021 ఏప్రిల్‌లో ఊపిరందక జనం అల్లాడుతున్నప్పుడు బేగంపేట నుంచి ఖాళీ ఆక్సిజన్ ట్యాంకర్లని భువనేశ్వర్ మోసుకెళ్ళింది వాయుసేన రవాణా విమానాలే. నిజం. నేను దీన్ని నా వాదానికి ఎదురుగా చూడను. ఆ పుణ్యంలో పైలట్‌తో పాటు తోక బిగించినవాడికీ పాలుందని మనం సంతోషంగా ఒప్పుకుంటాం. మంచికి పొడుగ్గా సాగే చెయ్యి చెడు దగ్గర పొట్టిదైపోకూడదు, అంతే నేననేది. రివెట్ బిగించినవాడికి తెలుసుకునే వీలూ వద్దనే చోటూ తక్కువ, కాబట్టి బరువూ తక్కువ. సున్నా మాత్రం కాదు.

ఇదంతా సినిమా వల్ల అవుతుందా అంటే, కొంత అవుతుంది. మనిషి ముఖం చూపించడం సినిమాకి వచ్చిన విద్య. ఆ విద్యని ఒక్క సీటుకే ఎందుకు కట్టేయాలి? రాత్రి మూడింటికి ఇంధన విమానంలో గొట్టం చివరనే చూస్తూ కూర్చున్నవాడికీ ముఖం ఉంటుంది. ఊరికి దూరంగా ఏసీ గదిలో డ్రోన్ నడిపి, డ్యూటీ దిగి, పిల్లని స్కూల్లో దింపే మనిషికీ ఉంటుంది. బుద్గామ్‌లో తెర మీద ఒక చుక్కని చూసి అది మనదో కాదో తేల్చాల్సి వచ్చినవాళ్ళ ముఖాల మీద ఆ ఉదయం ఏముందో చూపిస్తే, అందులో ఏ డాగ్‌ఫైట్‌లోనూ లేనంత కథ ఉంటుంది.

ఫైటర్ గర్జించినప్పుడు ఈల వేయొద్దని నేననను. నాకూ ఆ చప్పుడు ఇష్టమే. దానితో పాటు ఇంకెన్ని విమానాలు లేచాయి, అవేం చేశాయి, ఎవరు చెప్తే చేశాయి అని అడగడం కూడా ప్రేక్షకుడి పనిలో భాగమే అంటాను. పద్దెనిమిది పర్వాల కథ విన్న జనానికి ఆ మాత్రం ఓపిక ఉంటుంది.